టామ్ కాలిన్స్ దొరకు కంబళి

మండికల్,
మాఘమాసం, సోమవారం.

చిరంజీవి మా ఇంటి దీపానికి,

మీ అవ్వ లక్ష్మీదేవమ్మ ఆశీర్వదించి రాసేది. నువ్వు బాగున్నావా? నీ కడుపు బాగుందా? నీ గదిలో ఉండే పాపన్న బాగున్నాడా, అతని పంటినొప్పి తగ్గిందా? మీ క్లబ్బు బట్లరు గంగాధరప్ప బాగున్నాడా, ఆయన భార్యకు నెలలు నిండినాయా? మీ ఇంటి యజమానురాలు బాగుందా? ఆమె పిల్లి బాగుందా? ఇక్కడ మీ నాయన ఆంజనేయప్ప బాగున్నాడు. మీ అమ్మ చెన్నమ్మ బాగుంది. ఎర్రావు బాగుంది, దాని దూడ బాగుంది. అందరూ బాగున్నారు గనుక నాకు భయంగా ఉంది. ఇంతమంది ఒకేసారి బాగుండడం మన ఇంట్లో ఎప్పుడూ లేదు.

నీ ఉత్తరం పక్కింటి కోడలు సుజాతమ్మ మన అరుగు మీద కూర్చుని చదివింది. ఆమె గొంతు సంగతి నీకు తెలుసు, మనకు చదివితే వీధంతా విన్నట్టే. చివర నీ సంతకం వచ్చేసరికి నేను ఎప్పటిలాగే చెవులు మూసుకున్నాను. మీ తాత పేరు నీకు పెట్టి మీ నాయన నా నోరు కట్టేశాడు. మొగుని పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. ఆయన ఎట్లాగూ పోయినాడు. ఇప్పుడు ఆ పేరుతో ఉన్నది నువ్వు, పలికితే తగ్గేది నీ ఆయుష్షేనేమో అని నా భయం.

“టామ్ కాలిన్స్ వల్ల నా ఉద్యోగం ఖాయమైంది, క్లబ్బులో అందరూ మెచ్చుకుంటున్నారు” అని రాశావు. విని కండ్లనీళ్ళు పెట్టుకున్నాను. ఎవరు కన్న బిడ్డో ఆ టామ్ కాలిన్స్ దొర! తెల్లదొరలంతా ఓడలెక్కి పోయినారంటే ఈయనొక్కడు నా మనవడిని చూసుకోవడానికి ఆగిపోయినాడు. ఆయనకు పెళ్ళయిందా? పిల్లలా? వేళకు తింటాడా? దేవునికి రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన పేరు కూడా చెప్తున్నాను. ఆ పేరు చెప్పడానికి అడ్డం లేదు కదా.

మన నిమ్మచెట్టు కాయలు ఒక బుట్ట పంపించాను. బుట్ట మీద పేరు రాయలేదు, కారణం నీకు తెలుసు. బస్సు కండక్టరు “ఎవరికియ్యాలవ్వా?” అన్నాడు. “టామ్ కాలిన్స్ దొర మనిషికి ఇయ్యప్పా” అన్నాను.

నా కంటి సంగతి అడిగావు. ఎడమది మూసుకుపోయింది. కుడిదాంట్లో కూడా పొర కమ్ముకొస్తోంది. నేను రాసే వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటున్నాయని సుజాతమ్మ అంటుంది. పోయినసారి నువ్వు గడపలోకి వస్తే అంగడి పిళ్ళప్ప అనుకుని “మంచి బెల్లం తెచ్చినావా అప్పా” అన్నాను. నువ్వు నవ్వావు. నేను లోపలికి పోయి ఏడ్చాను. అయినా కత్తి మాట ఎత్తొద్దు. మన చిక్కమ్మకు సంతలో వైద్యుడు కన్ను గీకితే ఉన్న మసక చూపు కూడా పోయింది. నాకు మసక చాలు.

కైవారం గుడిలో నా చేతిలో చెయ్యి వేసి మందు తాగనని చెప్పిన మాట జ్ఞాపకం పెట్టుకో.

ఇట్లు,
నీ గురించి తప్ప వేరే ఆలోచన లేని
లక్ష్మీదేవమ్మ

తా.క. నిమ్మకాయలు దొరకే. నువ్వు తినొద్దు, జలుబు చేస్తుంది.
ఇంకో తా.క. ఒకటి తిను.

---

బెంగుళూరు, కంటోన్మెంటు.

పూజ్యురాలైన అవ్వకు,

మనవడు బైరప్ప నమస్కరించి రాసేది. (అవ్వా, చెవులు తెరువు. పేరు అయిపోయింది. ఈసారి ముందే చెప్పేశాను.) నేను బాగున్నాను. పాపన్న పన్ను పీకించుకున్నాడు. గంగాధరప్పకు ఆడపిల్ల పుట్టింది. పిల్లి కూడా బాగుంది, రెండిళ్ళ పాలు తాగుతోంది.

నిమ్మకాయలు అందాయి. మన కాయల రసం పడ్డాక టామ్ కాలిన్స్‌కు వచ్చిన పేరు అంతా ఇంతా కాదు. క్లబ్బులో అందరూ “ఈ కాయలు ఎక్కడివి?” అని అడిగారు. “మా అవ్వ పంపింది” అన్నాను గొప్పగా.

టామ్ కాలిన్స్ గురించి అడిగావు. ఏం చెప్పను? పొడుగ్గా ఉంటుంది ఆకారం. పెళ్ళాం పిల్లలు లేరు. సాయంత్రం అయితే తప్ప కనిపించడు. ఎప్పుడూ ఐసులోనే ఉండాలి. వచ్చిన కాసేపటికే ఖాళీ. అంతకంటే వివరం నేనొచ్చినప్పుడు చెప్తాను.

నీ కన్ను మసక చాలదు అవ్వా. సంతలో గీకేవాళ్ళు వేరు, చదువుకున్న డాక్టర్లు వేరు. శివరాత్రి అయ్యాక చింతామణి హైస్కూల్లో కంటి శిబిరం పెడుతున్నారట. నాయనను బండి కట్టమని చెప్పు.

ఇట్లు,
నీ ఆశీర్వాదం కోరే మనవడు

తా.క. సుజాతక్కా, ఇక్కడి నుంచి మనసులో చదువుకో, నీకు దండం పెడతాను. టామ్ కాలిన్స్ మనిషి కాదు. పొడుగు గ్లాసులో జిన్ను అనే మందు పోసి, నిమ్మరసం, చక్కెర, సోడా, ఐసు వేసి దొరలకు ఇచ్చే పానీయం. నేను బాగా కలుపుతానని ఉద్యోగం ఖాయం చేశారు. చుక్క కూడా నోట పెట్టలేదు. కానీ మందు దగ్గర పని అని తెలిస్తే అవ్వ బస్సెక్కి వచ్చి నన్ను చెవి పట్టుకుని తీసుకుపోతుంది. నేనొచ్చి నా నోటితో చెప్పేదాకా దాచు.

---

మండికల్,
మాఘమాసం, పున్నమి దాటాక.

చిరంజీవి మా వంశానికి మిగిలిన వెలుగుకు,

నువ్వు బాగున్నావా? పాపన్న చిగురు మానిందా? గంగాధరప్ప బిడ్డ పాలు తాగుతోందా? ఆ పిల్లి రెండిళ్ళ పాలు తాగడం మంచిది కాదు, బిడ్డ ఉన్న ఇంట్లోకి రానివ్వద్దని చెప్పు.

ఇక్కడ సుజాతమ్మకు ఏదో అయింది. నీ ఉత్తరం చక్కగా చదువుతూ చదువుతూ చివర ఒక్కసారి దగ్గు వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి కండ్లనిండా నీళ్ళు. “ఏమమ్మా?” అంటే “ఏం లేదత్తా, పొగ” అంటుంది. పొయ్యి వెలిగించనే లేదు. క్షయ ఏమో అని మిరియాల కషాయం తాగించాను. రెండు లోటాలు.

నాకు అంతకంటే పెద్ద దిగులు నీ దొర గురించి. పెళ్ళాం పిల్లలు లేరన్నావు, ఎప్పుడూ ఐసులోనే ఉంటాడన్నావు. దిక్కు లేని బిడ్డను ఐసులో పెట్టేవాళ్ళు ఎవరు నాయనా? నిన్న అరుగు మీద ఈ మాటే చర్చ. పిళ్ళప్ప అన్నాడు: “సీమ దేశమంతా మంచేనంట అత్తా. ఆడ పుట్టినోళ్ళు మన ఎండకు తట్టుకోలేరు, అందుకే ఐసులో కూర్చుంటాండారు.” మీ నాయన అన్నాడు: “అట్లయితే కాసేపటికే ఖాళీ అయిపోయేదేంది?” పాపం, ఆయుష్షు తక్కువ మనిషన్నమాట. ఏదో జబ్బు దాస్తున్నారు మీరంతా.

అందుకని గొర్రెలు కాసే కురుబల దగ్గర నేయించిన నల్ల కంబళి ఒకటి పంపిస్తున్నాను. మీ తాత పొలంలో మంచు రాత్రులకు కప్పుకునే కంబళి లాంటిదే. ఐసు నుంచి లేచిన వెంటనే దొర మీద కప్పు. రొమ్ము మీద ఆముదం వెచ్చచేసి రాయి. సిగ్గుపడొద్దు, అన్నం పెట్టే చేతికి సేవ చేయడం తప్పు కాదు.

కంటి శిబిరానికి నేను పోను. ముక్కూ మొహం తెలియని వాడి చేతికి కన్ను ఎట్లా ఇస్తాను? మళ్ళీ రాయొద్దు.

ఇట్లు,
మీ అందరికంటే ముందు పోవాలని కోరుకునే
లక్ష్మీదేవమ్మ

తా.క. దొరకు ఆముదం వాసన పడకపోతే ఆవనూనె.

---

బెంగుళూరు.

పూజ్యురాలైన అవ్వకు నమస్కారం,

ఇక్కడ అందరమూ క్షేమం. పిల్లికి ఒక ఇల్లు బంద్ చేశారు.

కంబళి అందింది. కండక్టరు బస్టాండులో నిలబడి “టామ్ కాలిన్స్ మనిషి యాడుండాడప్పా?” అని మూడు వీధులకు వినిపించేలా కేక పెట్టాడు. నాతో వచ్చిన పాపన్న ఆ కేకను క్లబ్బుదాకా మోసుకుపోయాడు. ఇప్పుడు క్లబ్బులో తోటమాలి నుంచి గంగాధరప్ప దాకా నా పేరు ఎవరికీ జ్ఞాపకం లేదు. అందరికీ నేను టామ్ కాలిన్సే.

దొర గురించి దిగులు పడొద్దు అవ్వా. జబ్బు లేదు. ఆముదం అక్కర్లేదు. ఒట్టు.

నీ కన్ను గురించి మళ్ళీ రాయొద్దన్నావు. మళ్ళీ రాస్తున్నాను. ఇంకో ఏడాదికి నేనొచ్చి ఎదురుగా నిలబడితే పిళ్ళప్ప అని కూడా అనుకోవు, స్తంభం అనుకుంటావు. నేను నీ దగ్గర ఇంతవరకు ఏదీ అడగలేదు. ఇదొక్కటి ఇవ్వు.

ఇట్లు,
నీ మనవడు

తా.క. సుజాతక్కా, కషాయం సంగతికి క్షమించు. ఇంకోసారి నవ్వొస్తే తుమ్ము. తుమ్ముకు కషాయం ఇవ్వదు, ఆవిరి మాత్రమే పట్టిస్తుంది.

---

మండికల్,
శివరాత్రి మర్నాడు.

చిరంజీవి నా బంగారు మూటకు,

నువ్వు బాగున్నావా, అందరూ బాగున్నారా, పిల్లి అలిగిందా, ఇవన్నీ తర్వాత రాస్తాను.

పిళ్ళప్ప సరుకు కోసం చింతామణి పోయి వచ్చాడు. ఎద్దులు కూడా విప్పకుండా నేరుగా మన అరుగు దగ్గరికి వచ్చాడు. “లచ్చిందేవత్తా, హైస్కూల్లో కంటి డాక్టరు దిగినాడు. తెల్లోడు. గోడ మీద పేరు రాసిండారు, నేను కూడబలుక్కుని చదివినా. టామ్ కాలిన్స్!”

నాయనా, ఈ సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదు? దొర డాక్టరు అని ఒక్క మాటైనా రాశావా? నీ అవ్వ కన్ను పోతోందని నువ్వు చెప్పుకుని ఏడ్చి ఉంటావు. ఆ మహానుభావుడు ఐసు వదిలిపెట్టి, క్లబ్బు వదిలిపెట్టి, ఈ ఎండలో చింతామణికి వచ్చాడు. నేను పంపిన కంబళికి ఇంత బదులా!

ముక్కూ మొహం తెలియని వాడికి కన్ను ఇవ్వనన్నాను. ఈయన మనవాడు. ఈయనకు ఇస్తాను. గురువారం బండి కడతారు. నిమ్మకాయలు కోయిస్తున్నాను.

పిళ్ళప్ప మాట విని సుజాతమ్మ ఈసారి దగ్గలేదు, తుమ్మలేదు. ఊరికే నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాకు దానికే భయమేసింది.

ఇట్లు,
దేవుడికీ దొరకూ మొక్కుతూ
లక్ష్మీదేవమ్మ

తా.క. నేను తిరిగి రాకపోతే ఎర్రావు దూడను అమ్మొద్దని మీ నాయనకు చెప్పు.

---

బెంగుళూరు.

అవ్వా,

పో. భయపడకుండా పో. చూపు వచ్చాక నీకు ఒక మాట చెప్పాలి. అప్పుడు తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్యి.

నీ మనవడు

తా.క. సుజాతక్కా, ఆ డాక్టరు ఎవరో నాకు తెలియదు. పేరు కలిసింది, అంతే. నిజం రాస్తే అవ్వ బండి దిగిపోతుంది. రాయకపోతే అబద్ధాన్ని నమ్మి కత్తి కిందికి పోతుంది. ఈ నాలుగు వరుసలు రాయడానికి ఎన్ని కాగితాలు చించానో. చివరికి ఆమె కన్ను వైపే మొగ్గాను. తప్పయితే నాదే.

---

మండికల్,
ఉగాది ముందు.

చిరంజీవి టామప్పకు,

మీ అవ్వ ఆశీర్వదించి రాసేది. నువ్వు, పాపన్న, గంగాధరప్ప, ఆయన భార్య, బిడ్డ, ఇంటావిడ, పిల్లి అందరూ బాగున్నారని తలుస్తాను. ముందుగా ఈ కాగితం దూరంగా పట్టుకుని చూడు. వరుసలు ఎట్లా ఉన్నాయి? మన మడిలో వరినారు పెట్టినట్టు లేవూ? ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు.

ఇక జరిగింది చెప్తాను. చింతామణి హైస్కూలు వసారాలో బల్ల వేసుకుని కాంపౌండరు వెంకటేశప్ప కూర్చున్నాడు. మీ నాయన ఎద్దులను కట్టేయడానికి పోయినాడు. నా వంతు వచ్చింది.

“పేరేమవ్వా?”

“లక్ష్మీదేవమ్మ.”

“మొగుని పేరు?”

“చెప్పకూడదప్పా.”

“చెప్పకపోతే నేనెట్ల రాసుకునేది? సరే, బెంగుళూరులో మనవడుండాడంటివే. ఏమన్నా అయితే కాగితం ఎవరి పేరుకు రాయాల?”

“ఆ పేరూ అదే.”

“ఏదే?”

“చెప్పకూడనిదే.”

నా వెనక కండ్లు కనపడని ముసలోళ్ళంతా నవ్వడం మొదలుపెట్టారు. వెంకటేశప్ప తల పట్టుకున్నాడు. “అవ్వా, నీ నోట్లో పట్టే పేరు ఒక్కటన్నా ఉండాదా?”

“ఎందుకు లేదప్పా? టామ్ కాలిన్స్.”

అతను కలం కింద పెట్టాడు. “అది మా డాక్టరు పేరు కదవ్వా!”

“తెలుసు. ఆయన కోసమే వచ్చినా. పిలువు.”

ఆయన వచ్చాడు. నువ్వు రాసినట్టే పొడుగు, ఆ మాత్రం నాకు తెలిసింది. చేతులు పట్టుకున్నాను. వేడిగా ఉన్నాయి, ఐసు లేదు, సంతోషించాను. నా మనవడికి అన్నం పెట్టిన చేతులు చల్లగా ఉండాలన్నాను. కంబళి సరిపోయిందా అని అడిగాను. నిమ్మకాయల బుట్ట ఆయన చేతుల్లో పెట్టాను. వెంకటేశప్ప అదంతా ఆయనకు వాళ్ళ భాషలో చెప్పాడు. ఆయన మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నా ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుని మెల్లగా ఏదో చెప్పాడు. వెంకటేశప్ప అది నాకు తిప్పి చెప్పాడు:

“అవ్వా, డాక్టరు ఏ క్లబ్బుకూ పోలేదంట. నీ మనవణ్ణి చూడనే లేదంట. ఈయన పేరుతో మందు కలిపిన నిమ్మకాయ పానకం ఒకటుండాదంట, చిన్నప్పటి నుంచి అందరూ దాని పేరు చెప్పి ఈయన్ను ఏడిపిస్తాండారంట. నీ మనవడు చేసేది ఆ పానకమే అయ్యుండాలంట. మేలు చేసింది తాను కాదు గనుక ఈ కాయలు తనవి కావంటాండాడు.”

బుట్ట మళ్ళీ నా ఒళ్ళోకి వచ్చింది.

నేను లేచి, బుట్ట ఎత్తుకుని, తడుముకుంటూ వెళ్ళి మన బండి నొగ మీద కూర్చున్నాను. ముందు నీ మీద కోపం వచ్చింది. మందు కలిపేవాడు తాగకుండా ఉంటాడా అనుకున్నాను. తర్వాత పిళ్ళప్ప జ్ఞాపకం వచ్చాడు. తన అంగట్లో పుట్టినప్పటి నుంచి చుట్టలు అమ్ముతున్నాడు, ఒక్కటి వెలిగించి ఎరగడు. నా మనవడు పిళ్ళప్పకంటే తక్కువా? ఆ కోపం అక్కడితో పోయింది.

మీ నాయన “ఇంటికి పోదామా అమ్మా?” అన్నాడు. పోదామనే నోరు తెరిచాను. అప్పుడు బుట్ట బరువు తెలిసింది. చిక్కమ్మ కన్ను గీకిన సంత వైద్యుడు కన్ను పోగొట్టి, పోతూ పోతూ ఆమె కోడిపెట్టను కూడా చంకన పెట్టుకుపోయినాడు. ఈయన “అవును, నేనే” అని ఒక్కసారి తల ఊపితే చాలు, కాయలు ఆయనవి, కన్ను ఆయనది. ఊపలేదు. తనది కాని నిమ్మకాయను ఉంచుకోనివాడు నా కన్ను పాడు చేస్తాడా?

తిరిగి లోపలికి పోయినాను. “డాక్టరప్పా, కాయలు తీసుకో. నీ పేరుకు కాదు, నీకు” అన్నాను. ఈసారి తీసుకున్నాడు.

ఒట్టి అబద్ధాన్ని నమ్మి కత్తి కిందికి పోయినానని నువ్వు తిండి మాని ఉంటావు. తిను నాయనా. అన్నీ తెలిసే పడుకున్నాను.

కట్టు విప్పిన రోజు మొదట కనిపించింది ఏమిటో తెలుసా? ఆయన తెల్లకోటు జేబులోంచి తొంగిచూస్తున్న మన నిమ్మకాయ. ఎంత పచ్చగా ఉంది నాయనా నిమ్మకాయ! ఆ రంగు మరిచిపోయినాను. ఇప్పుడు సీసా అడుగు లాంటి అద్దాలు ఇచ్చారు. మన వీధి అంతా చూశాను. సుజాతమ్మకు తల నెరిసింది, నాకు ఎవరూ చెప్పలేదు. మీ నాయన మా మామగారిలా తయారయ్యాడు.

కడుపు నిండినట్టుంది. నీ దొర లేడు గాని, లేని దొరకు పెట్టిన దండాలు ఎక్కడికీ పోలేదు. మన వీధిలో అంజినప్పలు ముగ్గురున్నారు, ఒకరికొకరు ఏమీ కారు. ఒకడి ఎద్దు తప్పిపోతే ముగ్గురూ వెతకరా? అట్లాగే అనుకున్నాను.

ఇంకో లాభం కూడా ఉంది. నువ్వు పుట్టినప్పటి నుంచి నిన్ను పేరు పెట్టి పిలవలేదు. “అబ్బయ్యా” అని కేక వేస్తే వీధిలో ఆడుకునే నలుగురు అబ్బయ్యలూ వచ్చేవాళ్ళు. ఇప్పుడు నీకు అక్కడ అందరూ పెట్టిన పేరు నా నోట్లో పడుతుంది. నిన్న సాయంత్రం గడపలో నిలబడి, ఎట్లా ఉంటుందో చూద్దామని “ఒరే టామప్పా!” అని ఒకసారి కేక వేశాను. ఎవరూ రాలేదు. నువ్వొక్కడివే రావాలి మరి.

రావలసింది శ్రీరామనవమికి. పందిట్లో ఈసారి పానకం నువ్వు కలపాలి. నిమ్మరసం, చక్కెర, సోడా, ఐసు. ఆ జిన్ను మాత్రం బెంగుళూరులోనే ఉండనీ. డాక్టరును కూడా పిలిచాను. తన పేరున్న పానకాన్ని ఆయన ఇంతవరకు రుచి చూడలేదట, మందు లేకపోతే తప్పకుండా వస్తానన్నాడు. నువ్వు, ఆయన, ఆ పానకం, ముగ్గురు టామ్ కాలిన్సులూ ఒక్క పందిట్లో! ఒకరికొకరు ఏమీ కారు, నాకు మాత్రం ముగ్గురూ అవుతారు.

ఇట్లు,
నిన్ను చూసి పిళ్ళప్ప అనుకోనని మాట ఇస్తూ
మీ అవ్వ లక్ష్మీదేవమ్మ

తా.క. నీ పాత ఉత్తరాలన్నీ అద్దాలు పెట్టుకుని నేనే చదివాను. వాటికి అన్నన్ని తా.క.లు ఉన్నట్టు సుజాతమ్మ ఏనాడూ చెప్పలేదు. రెండు లోటాల కషాయం ఊరికే తాగించలేదన్నమాట.

ఇంకో తా.క. వచ్చేటప్పుడు ఆ కంబళి మరిచిపోవద్దు. ఐసు కరగకుండా దాంట్లో చుట్టుకుని తే. శ్రీరామనవమి నాడు, పొద్దున మొదటి బస్సుకు.